విశాఖపట్నం గాలి: తరచుగా అడిగే ప్రశ్నలు

కాలనీ సమావేశాల్లో, బడి గేటు దగ్గర, ఆస్పత్రి వరండాల్లో మళ్లీ మళ్లీ వినిపించే సందేహాలను ఇక్కడ ఒకచోట చేర్చాం. పాతనగరం, జ్ఞానాపురం, మల్కాపురం, గాజువాక, పరవాడ వైపు నివసించేవారిని దృష్టిలో పెట్టుకుని రాసినా, దేశ ప్రమాణాలకూ చట్టాలకూ సంబంధించిన జవాబులు ఏ ఊరివారికైనా వర్తిస్తాయి. ఎవరికి కావలసిన ప్రశ్న దగ్గరికి వారు నేరుగా వెళ్లేందుకు వీలుగా ప్రతి జవాబునూ విడిగా పూర్తి చేశాం.

## అనుమానం మొదలైనప్పుడు

ఉదయం తుడిచిన గచ్చు మధ్యాహ్నానికే నల్లబడుతోంది. ఈ దుమ్ము ఎక్కడి నుంచి వస్తోంది?

విశాఖ ఓడరేవు 1933 నుంచి పనిచేస్తోంది. బొగ్గు, ఇనుప ఖనిజం, ఎరువుల ముడిసరుకు వంటి పొడి సరుకులు అక్కడ ఓడల్లోకి ఎక్కుతుంటాయి, ఓడల నుంచి దిగుతుంటాయి. బొగ్గును దించేటప్పుడు, ఆరుబయట గుట్టలుగా పోసినప్పుడు, వ్యాగన్లకు ఎత్తేటప్పుడు, పట్టా కప్పని లారీ గతుకుల రోడ్డు మీద ఊగినప్పుడు పొడి లేస్తుంది. పాతనగరం రేవును ఆనుకునే ఉంది కనుక గాలి ఇటు తిరిగిన రోజున ఆ పొడి నేరుగా ఇళ్ల మీదికి వస్తుంది. అరికాళ్లు నల్లబడని రోజు లేదని అక్కడి ఆడవాళ్లు చెప్పే మాటలో అతిశయోక్తి లేదు.

ఒక తెల్ల పింగాణీ పళ్లేన్ని డాబా మీద ఒక రోజు ఉంచి, మర్నాడు వేలితో రాసి చూడండి. కాటుకలా నల్లగా వేలికి అంటితే బొగ్గు పొడి కావచ్చు, ఎర్రటి పొడిగా కనిపిస్తే ఇనుప ఖనిజం కావచ్చు, బూడిద రంగులో గరగరలాడితే రోడ్డు దుమ్మో సిమెంటో కావచ్చు. రంగు సూచన మాత్రమే. ఏది ఎంత ఉందో ప్రయోగశాలలోనే తేలుతుంది.

పక్కనే సముద్రం ఉంది కదా, పొగంతా గాలికి కొట్టుకుపోదా?

కొట్టుకుపోతుందనే చాలామంది ధీమాగా ఉంటారు, కానీ ఈ ఊరి నేల తీరు అందుకు పూర్తిగా సహకరించదు. దక్షిణాన యారాడ కొండలు, వాటి కొసన డాల్ఫిన్స్ నోస్, ఉత్తరాన సింహాచలం కొండలు, కైలాసగిరి ఉండగా, మధ్యలో నగరం గిన్నె అడుగున ఉన్నట్టు ఉంటుంది. పగలు సముద్రం నుంచి నేల మీదికీ, రాత్రి నేల మీది నుంచి సముద్రం వైపుకూ గాలి మళ్లుతుంది కాబట్టి, రాత్రి బయటికి పోయిన మురికిలో కొంత మర్నాడు తిరిగి వస్తుంది. చలికాలంలో ఇంకొక ఇబ్బంది తోడవుతుంది: రాత్రి నేల త్వరగా చల్లారి, దాన్ని అంటుకుని ఉన్న గాలి బరువెక్కి కిందనే ఉండిపోతే, దానిపైన వెచ్చటి గాలి పొర గిన్నె మీద మూతలా పరుచుకుంటుంది. డిసెంబరు, జనవరి నెలల్లో తెల్లవారుజామున పొగ గొట్టాల నుంచి వచ్చిన పొగ పైకి పోకుండా అడ్డంగా సాగడం కనిపించేది ఇందుకే.

కంటికి కనిపించే దుమ్ము ప్రమాదమా, కనిపించనిదా?

రెండూ హాని చేస్తాయి, కాని చేసే చోటు వేరు. కిటికీ ఊచల మీద పేరుకునే ముతక దుమ్ము ఎక్కువగా ముక్కులో, గొంతులో ఆగి తుమ్ములు, దగ్గు, కళ్ల మంట తెస్తుంది. పది మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు), అంతకన్నా చిన్నవైన రేణువులను పీఎం 10 అంటారు. అవి ఊపిరి గొట్టాల్లోకి చేరతాయి. రెండున్నర మైక్రాన్లు, అంతకన్నా చిన్నవి పీఎం 2.5. తల వెంట్రుక మందంలో దాదాపు ముప్పయ్యో వంతు ఉండే ఈ రేణువులు ఊపిరితిత్తుల చివరి గాలిగదుల దాకా వెళతాయి, వాటిలో అతి సూక్ష్మమైనవి రక్తంలోకీ దిగుతాయి. ఇవి ప్రధానంగా ఏదో ఒకటి కాలడం వల్ల పుడతాయి: డీజిల్, బొగ్గు, చెత్త, కట్టెలు. గచ్చు శుభ్రంగా ఉన్నంత మాత్రాన గాలి శుభ్రంగా ఉన్నట్టు కాదని గుర్తుపెట్టుకోవాలి.

దుమ్ము కాక గాలిలో ఇంకేముంటాయి?

గంధకం ఉన్న బొగ్గు, నూనెలు కాలితే సల్ఫర్ డయాక్సైడ్, వాహనాలూ ఓడల ఇంజన్లూ నడిస్తే నైట్రోజన్ ఆక్సైడ్లు, ఇంధనం సరిగ్గా కాలకపోతే కార్బన్ మోనాక్సైడ్ వెలువడతాయి. పొగ గొట్టం ఏదీ నేరుగా వదలని ఓజోన్ కూడా నేల దగ్గర తయారవుతుంది. నైట్రోజన్ ఆక్సైడ్లు, ఆవిరయ్యే రసాయనాలు ఎండలో కలిసి దాన్ని పుట్టిస్తాయి కనుక అది మధ్యాహ్నం పెరుగుతుంది. ఒక మంచి మార్పు కూడా చెప్పుకోవాలి: ఓడల ఇంధనంలో గంధకం పరిమితిని 2020 జనవరి 1 నుంచి ప్రపంచమంతటా 3.5 శాతం నుంచి 0.5 శాతానికి తగ్గించారు, అదే ఏడాది ఏప్రిల్ నుంచి మన దేశంలో కొత్త వాహనాల పొగను కట్టడి చేసే బీఎస్-6 ప్రమాణాలు వచ్చాయి.

ఢిల్లీతో పోలిస్తే మనం నయమే కదా, ఎందుకింత ఆందోళన?

చలికాలపు ఢిల్లీతో పోలిస్తే దేశంలో చాలా ఊళ్లు నయమనిపిస్తాయి. ఆ పోలిక మనకు హాయినిస్తుందే తప్ప ఊపిరితిత్తులకు పనికిరాదు. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2009లో పారిశ్రామిక ప్రాంతాలకు వేసిన సమగ్ర కాలుష్య సూచికలో విశాఖకు 70.82 వచ్చింది. 70 దాటిన 43 ప్రాంతాలను తీవ్ర కలుషిత ప్రాంతాలుగా గుర్తించి, కొత్త పరిశ్రమల అనుమతులను 2010 జనవరిలో నిలిపివేశారు. ఇప్పటి తెలంగాణలోని పటాన్‌చెరు-బొల్లారం కూడా ఆ జాబితాలో ఉంది. 2019 జనవరిలో మొదలైన జాతీయ స్వచ్ఛ వాయు కార్యక్రమంలోనూ, ప్రమాణాలను అందుకోలేని నగరాల్లో ఒకటిగా విశాఖ పేరు మొదటి నుంచీ ఉంది.

## అంకెలు చూసేటప్పుడు

ఏక్యూఐ అని వార్తల్లో చెప్పే అంకెను ఎలా అర్థం చేసుకోవాలి?

మన దేశంలో 2014లో వచ్చిన వాయు నాణ్యత సూచిక 0 నుంచి 500 వరకు ఉంటుంది. 50 వరకు మంచిది, 100 వరకు సంతృప్తికరం, 200 వరకు మధ్యస్థం, 300 వరకు బాగోలేదు, 400 వరకు చాలా అధ్వానం, ఆ పైన తీవ్రం. ఎనిమిది కాలుష్యాలను విడివిడిగా లెక్కించి, వాటిలో అన్నిటికంటే అధ్వానంగా ఉన్నదాని అంకెనే సూచికగా ప్రకటిస్తారు. కాబట్టి అంకెతో పాటు ఆ రోజు ప్రధాన కాలుష్యం ఏదో కూడా చూడాలి. పీఎం 10 అయితే దుమ్మువైపు, పీఎం 2.5 అయితే పొగవైపు అనుమానించవచ్చు.

ఒకే సమయంలో ఒక యాప్ 100 అంటుంది, ఇంకొకటి 150 దాటిందంటుంది. ఏది నిజం?

రెండూ నిజమే కావచ్చు, ఎందుకంటే కొలబద్ద వేరు. ఘనపు మీటరు గాలిలో పీఎం 2.5 అరవై మైక్రోగ్రాములు ఉన్నప్పుడు భారత సూచిక 100 చూపిస్తే, అమెరికా సూచిక 150 దాటి చూపిస్తుంది. పైగా మన అధికారిక సూచిక గత 24 గంటల సగటు మీద ఆధారపడుతుంది. కొన్ని యాప్‌లు ఆ గంట విలువనే చూపిస్తాయి, కొన్ని ఉపగ్రహ సమాచారంతో అంచనా వేస్తాయి. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి వారి సమీర్ యాప్‌లో చూసే అలవాటు చేసుకుని, రోజుల మధ్య తేడాను అందులోనే గమనించడం మంచిది.

యాప్‌లో సంతృప్తికరం అని ఉంటుంది, మా కిటికీ మాత్రం నల్లగా ఉంటుంది. లెక్క తప్పా?

లెక్క తప్పు కానక్కరలేదు, అది మీ వీధి లెక్క కాకపోవచ్చు. కొలిచే యంత్రం తన చుట్టూ ఉన్న గాలినే చెబుతుంది. కొన్ని కిలోమీటర్ల అవతల రేవు గోడ పక్కన ఉన్న ఇంటి సంగతి దానికి తెలియదు. 24 గంటల సగటు తీసినప్పుడు మధ్యాహ్నం రెండు గంటల పాటు వీచిన దుమ్ముగాలి మిగతా గంటల్లో కలిసిపోతుంది. పది మైక్రాన్ల కన్నా పెద్ద రేణువులు, అంటే గచ్చు మీద రాలే దుమ్ములో పెద్ద భాగం, ఈ సూచికలోకి అసలు రావు. దుమ్ము పడుతున్న బస్తీల్లోనే కొలత కేంద్రాలు పెట్టాలని అడగడం అందుకే న్యాయమైన కోరిక. బాధ ఒకచోట, కొలత ఇంకొకచోట ఉన్నంతకాలం అంకెలు ప్రజల పక్షాన మాట్లాడవు.

ప్రమాణాలలోపే ఉందంటే సురక్షితమేనా?

ఎవరి ప్రమాణమో అడగాలి. భారత ప్రమాణాలు 2009 నాటివి: పీఎం 2.5 ఏడాది సగటు ఘనపు మీటరుకు 40 మైక్రోగ్రాములు, పీఎం 10కి 60. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో సవరించిన మార్గదర్శకాల్లో అవే విలువలు 5, 15. మధ్య ఉన్న తేడా చిన్నది కాదు. దేశ ప్రమాణం అమలుకు సాధ్యమైన హద్దును చూసి పెట్టేది, హాని మొదలయ్యే గీత కాదు. ఇంతకంటే తక్కువైతే ఏ హానీ లేదని చెప్పగల స్థాయి పీఎం 2.5కి తెలియదు.

## ఆరోగ్యం దెబ్బతిన్నప్పుడు

డిసెంబరు వచ్చిందంటే మా పిల్లవాడికి దగ్గు పట్టుకుంటుంది. గాలి వల్లేనా?

చలికాలంలో జలుబు వైరస్‌లు కూడా ఎక్కువే కాబట్టి ఒక్క కారణం అని తేల్చలేం. అయితే పిల్లలు తమ బరువుతో చూస్తే పెద్దల కంటే ఎక్కువ గాలి పీలుస్తారు, వారి ఊపిరితిత్తులు ఇంకా పెరుగుతూ ఉంటాయి, ఆటల్లో నోటితో ఊపిరి తీస్తారు. ఆస్తమా ఉన్న పిల్లలకు సల్ఫర్ డయాక్సైడ్, సన్నటి దుమ్ము దాడిని రేపగలవు. ఒక నోటు పుస్తకంలో దగ్గు వచ్చిన రోజు, సమయం, రాత్రి ఎన్నిసార్లు లేచాడన్నది, ఆ రోజు సూచిక రాసి వైద్యుడికి చూపించండి; నెల రోజుల రాత ఎంతో చెబుతుంది. ఇన్‌హేలర్ రాస్తే అలవాటైపోతుందన్న భయంతో మానవద్దు. మందు నేరుగా ఊపిరితిత్తుల్లోకి చేరేది దానితోనే, మోతాదు కూడా మాత్రల కన్నా చాలా తక్కువ.

పొగకు ఊపిరితిత్తులు పాడవుతాయి సరే, గుండెకు ఏం సంబంధం?

సన్నటి రేణువులు ఊపిరితిత్తుల్లో రేపిన వాపు అక్కడితో ఆగదు. రక్తనాళాల గోడలు దెబ్బతిని, రక్తం గడ్డకట్టే స్వభావం పెరిగి, గుండెపోటుకూ పక్షవాతానికీ దారి తీస్తుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం 2019లో ఆరుబయటి గాలి కాలుష్యం వల్ల ప్రపంచంలో 42 లక్షల అకాల మరణాలు సంభవించాయి, వాటిలో దాదాపు 68 శాతం గుండె జబ్బు, పక్షవాతం వల్లనే. అదే కాలుష్యాన్ని మనుషుల్లో క్యాన్సర్ కలిగించే వాటి మొదటి వర్గంలో అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2013లో చేర్చింది. బీపీ, షుగరు ఉన్నవారు, ఇదివరకు స్టెంటు వేయించుకున్నవారు పొగ ఎక్కువైన రోజున ఆయాసాన్ని, ఛాతీ బరువును తేలిగ్గా తీసుకోకూడదు.

గర్భిణులకు ప్రత్యేకంగా ప్రమాదం ఉందా?

ఉంది. పీఎం 2.5 ఎక్కువగా ఉన్న గాలికీ, తక్కువ బరువుతో, నెలలు నిండకుండా బిడ్డ పుట్టడానికీ సంబంధం ఉన్నట్టు చాలా దేశాల అధ్యయనాల్లో తేలింది. గర్భిణి ఉన్న ఇంట్లో చెత్త తగలబెట్టడం, కట్టెల పొయ్యి, సిగరెట్టు పూర్తిగా మానేయడం మన చేతుల్లో ఉన్న పని.

తెల్లవారుజామున నడక మంచిదంటారు. మానేయాలా?

నడక మానవద్దు, వేళ మార్చుకోండి. చలికాలంలో తెల్లవారుజామున కాలుష్యం నేలకు దగ్గరగా ఉంటుంది. ఎండ పడి, పైన మూతలా పరుచుకున్న వెచ్చటి గాలి పొర విడిన తరువాత నడిస్తే మేలు. వేసవిలో ఓజోన్ పెరిగే మధ్యాహ్నం కన్నా ఉదయమే నయం. లారీలు తిరిగే రోడ్డు పక్కన నడవడం ఏ కాలంలోనూ మంచిది కాదు.

చేతిరుమాలు కట్టుకుంటే చాలదా?

చాలదు. నూలు గుడ్డ ముతక దుమ్మును కొంత ఆపుతుంది, పొగలోని సన్నటి రేణువులు దాని సందుల్లోంచి దూరిపోతాయి. ఎన్-95 మాస్కు 0.3 మైక్రాన్ల రేణువుల్లో కనీసం 95 శాతాన్ని ఆపేలా తయారవుతుంది, అయితే ముక్కు దగ్గర, బుగ్గల దగ్గర సందు లేకుండా అమరాలి. ఏ వాయువునూ అది ఆపదు. ఆయాసం ఉన్నవారు వైద్యుడిని అడిగి వాడాలి.

బెల్లం తింటే ఊపిరితిత్తుల్లో దుమ్ము పోతుందంటారు, నిజమేనా?

రేవులో, మిల్లుల్లో పనిచేసే పెద్దలు ఏళ్ల తరబడి నమ్ముతున్న మాట ఇది. బెల్లం పోయేది పొట్టలోకి, దుమ్ము పోయేది ఊపిరితిత్తుల్లోకి. అది మనుషుల ఊపిరితిత్తులను శుభ్రం చేస్తుందని నమ్మదగిన రుజువు లేదు. పని చేయించేవారు మాస్కుకు, నీళ్లు చల్లే ఏర్పాటుకు, ఏటా ఊపిరితిత్తుల పరీక్షకు బదులుగా బెల్లం ముక్క చేతిలో పెడితే మాత్రం దాన్ని అంగీకరించకూడదు.

## ఇంట్లో జాగ్రత్త పడేటప్పుడు

ఎయిర్ ప్యూరిఫయర్ కొనాలా?

ఆస్తమా పిల్లలు, గుండె జబ్బు ఉన్న పెద్దలు పడుకునే ఒక్క గదికి కొంటే ఉపయోగం ఉంటుంది. సన్నటి రేణువులను పట్టే హెపా ఫిల్టరు ఉందా, అది గంటకు శుభ్రం చేసే గాలి ఆ గది కొలతకు సరిపోతుందా అని చూడండి. ఫిల్టరు మార్చే ఖర్చును కూడా ముందే లెక్కవేసుకోండి. కుండీల్లో మొక్కలు కంటికి ఆనందమే గాని, గదిలో గాలిని చెప్పుకోదగినంతగా శుభ్రం చేయలేవు. రూపాయి ఖర్చు లేని పని ఇంకొకటి ఉంది: పొడి చీపురుతో ఊడిస్తే కిందపడిన దుమ్ము మళ్లీ లేస్తుంది, తడిగుడ్డతో తుడిస్తే గుడ్డకే అంటుకుంటుంది.

తలుపులు మూసుకుంటే ఇంట్లో గాలి మంచిదే కదా?

ఇంట్లో ఏం కాలుతోందన్న దాన్ని బట్టి ఉంటుంది. ఒక మస్కిటో కాయిల్ కాలితే 75 నుంచి 137 సిగరెట్లు కాల్చినంత పీఎం 2.5 వస్తుందని 2003లో వెలువడిన ఒక పరిశోధన లెక్కగట్టింది. తలుపులు బిగించి కాయిల్ వెలిగించి పడుకునే ఇళ్లలో పిల్లలు రాత్రంతా ఆ పొగే పీలుస్తారు. దోమతెర ఎంతో మేలు. అగరొత్తులు, పోపు ఘాటు, వేపుళ్ల పొగ కూడా లెక్కలోకి వస్తాయి కనుక వంట వేళ కిటికీ తెరవాలి లేదా ఎగ్జాస్ట్ ఫ్యాన్ వేయాలి.

డాబా మీద వడియాలు, ఊరగాయ ముక్కలు ఆరబెట్టవచ్చా?

దుమ్ము పడే వీధుల్లో పైన పల్చటి తెల్లగుడ్డ కప్పకుండా ఆరబెట్టవద్దు. సాయంత్రానికి ఆ గుడ్డ రంగు చూస్తే కప్పకపోతే ఏం తినేవారమో అర్థమవుతుంది. ఆకుకూరలను ఒక్కసారి జాడించి వదలకుండా, నీళ్లు మార్చి రెండు మూడు సార్లు కడగాలి.

## చెట్లు, నేల, నీరు

మనుషుల సంగతి సరే, చెట్లకు ఏమవుతుంది?

ఆకు ఊపిరి తీసే సన్నటి రంధ్రాలను దుమ్ము పూడ్చేస్తుంది, ఆకు మీద పొర కట్టి వెలుతురును అడ్డుకుంటుంది. ఫలితంగా ఆహారం తయారీ తగ్గి చెట్టు నీరసిస్తుంది. సల్ఫర్ డయాక్సైడ్ తగిలితే ఆకుల ఈనెల మధ్య భాగం పాలిపోతుంది. ఇటుక బట్టీల పొగ సోకిన మామిడి తోటల్లో కాయ కొస నల్లబడి కుళ్లే తెగులు రైతులు చాలాకాలంగా చూస్తున్నదే. గంధకం, నైట్రోజన్ వాయువులు వాన నీటిలో కలిస్తే ఆమ్ల వర్షమై నేలను, పాత కట్టడాల సున్నాన్ని కొరుకుతుంది. కొట్టుకొచ్చిన బొగ్గు పొడి గెడ్డల ద్వారా సముద్రంలో చేరి, ఒడ్డు దగ్గర నీటి అడుగున పేరుకుంటుంది.

చెట్లు నాటితే సమస్య తీరిపోతుందా?

తీరదు, కొంత తగ్గుతుంది. రేవు గోడల వెంట దట్టంగా, వరుసల్లో పెంచిన చెట్లు ముతక దుమ్మును పట్టి ఉంచుతాయి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను ఒక్క రోజులో ఈ నగరంలో ఎన్ని చెట్లను పడగొట్టిందో చూసినవారికి ఆ రక్షణ విలువ తెలుసు. అయినా బొగ్గు గుట్టల మీద నీళ్లు చల్లడం, కన్వేయర్లకు కప్పు వేయడం, లారీలకు పట్టా కట్టి చక్రాలు కడిగి పంపడం వంటివి చేయకుండా మొక్కల కార్యక్రమం పెట్టి ఫొటో తీయించుకుంటే దుమ్ము ఆగదు.

## ఫిర్యాదు చేయాలనుకున్నప్పుడు

ఎవరికి చెప్పాలి?

పరిశ్రమ, రేవు, పొగ గొట్టం అయితే ఆంధ్రప్రదేశ్ కాలుష్య నియంత్రణ మండలి ప్రాంతీయ కార్యాలయానికి. చెత్త తగలబెట్టడం, నిర్మాణాల దుమ్ము, ఊడ్వని రోడ్డు అయితే జీవీఎంసీకి, అంటే మహా విశాఖ నగరపాలక సంస్థకు. సమీర్ యాప్‌లోనూ ఫిర్యాదు నమోదు చేయవచ్చు. సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో అర్జీ ఇచ్చి రసీదు తీసుకోవడం మరవద్దు.

ఎన్నిసార్లు రాసినా పట్టించుకోలేదు. ఎలా రాస్తే పని జరుగుతుంది?

"మా ప్రాంతంలో కాలుష్యం ఎక్కువగా ఉంది" అని రాస్తే తనిఖీకి వచ్చిన అధికారికి ఆ వేళ ఏమీ కనిపించకపోవచ్చు. తేదీ, గంట, గాలి ఏ వైపు నుంచి వీచిందో, ఏ వాసన వచ్చిందో, ఎంతసేపు ఉందో రాయండి. ఒకే చోట ఉంచిన తెల్ల పళ్లేన్ని వారం పాటు రోజూ ఒకే వేళకు ఫొటో తీసి జతచేయండి. పది ఇళ్లవారు కలిసి సంతకం చేస్తే అది ఒకరి అసహనంగా కాక వీధి సాక్ష్యంగా నిలుస్తుంది.

ఇంకొక మెట్టు సమాచార హక్కు చట్టం. ఆ పరిశ్రమకు 1981 నాటి గాలి చట్టం కింద ఇచ్చిన అనుమతి పత్రం, అందులోని షరతులు, చివరి తనిఖీ నివేదిక నకళ్లు అడగండి. 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. షరతు చేతిలో ఉంటే, దాన్ని ఎక్కడ అతిక్రమించారో చూపించవచ్చు.

హరిత ట్రిబ్యునల్‌కు సామాన్యులు వెళ్లగలరా?

వెళ్లగలరు. పర్యావరణ కేసులు విచారించేందుకు 2010 చట్టంతో ఏర్పడిన జాతీయ హరిత ట్రిబ్యునల్ దక్షిణ ధర్మాసనం చెన్నైలో ఉంది, ఆంధ్రప్రదేశ్, తెలంగాణ దాని పరిధిలోకి వస్తాయి. వివాదానికి కారణం మొదట తలెత్తిన ఆరు నెలల్లోగా దరఖాస్తు చేయాలి, నష్టపరిహారం కోరేందుకు ఐదేళ్ల గడువు ఉంది. ఇదివరకు ఇచ్చిన అర్జీల రసీదులు అక్కడ ఎంతో బలమవుతాయి.

పక్క స్థలంలో చెత్త తగలబెడుతున్నారు. భోగి మంటల్లో టైర్లు వేస్తున్నారు. అడిగితే గొడవ అవుతుందేమో?

చెత్తను ఆరుబయట కాల్చడాన్ని హరిత ట్రిబ్యునల్ 2016 డిసెంబరులో దేశమంతటా నిషేధించింది. మామూలుగా కాల్చితే 5,000 రూపాయలు, పెద్ద మొత్తంలో కాల్చితే 25,000 రూపాయలు జరిమానా. ప్లాస్టిక్, రబ్బరు కాలిన పొగలో అత్యంత విషపూరితమైన పదార్థాలు ఉంటాయి, పైగా భోగి వచ్చేది పొగ కిందనే నిలిచిపోయే చలికాలంలో. పండుగకు ముందే పిల్లలతో మాట్లాడి, పిడకలతో, ఎండు కొమ్మలతో చిన్న మంట వేసుకుందామని ఒప్పించడం గొడవ లేని దారి.

రాత్రి వేళ హఠాత్తుగా ఘాటైన వాసన వస్తే ఏం చేయాలి?

2020 మే 7న తెల్లవారకముందే విశాఖలోని ఆర్.ఆర్. వెంకటాపురంలో ఎల్‌జీ పాలిమర్స్ ఫ్యాక్టరీ నుంచి లీకైన స్టైరీన్ అనే ప్లాస్టిక్ ముడి రసాయనపు ఆవిరి ఊరి మీదికి పాకి 12 మంది ప్రాణాలు తీసింది. నిద్రలో ఉన్నవారికి ఎటు పరుగెత్తాలో తెలియలేదు. ఆ ఆవిరి గాలి కన్నా బరువైనది కాబట్టి పల్లంలో, కాలువల్లో చేరుతుంది. అలాంటప్పుడు ఎత్తైన చోటుకు వెళ్లాలి. వాసన వస్తున్న వైపుకు గాని, గాలి పోతున్న వైపుకు గాని కాక, గాలికి అడ్డంగా పక్కకు పోవాలి. తడిగుడ్డ ముక్కుకు పెట్టుకుంటే కొద్దిగా ఉపశమనమే గాని రక్షణ కాదు. అగ్గిపుల్ల గీయవద్దు. బయటికి పోయే వీలు లేకపోతే కిటికీలు మూసి, సందుల్లో తడి బట్టలు కుక్కి, 112కు, 108కి ఫోన్ చేయాలి. కళ్లు మండితే నీళ్లు ధారగా పోసి కడగాలి. ఇంటి నుంచి ఏ వీధి మీదుగా ఏ ఎత్తుకు చేరాలో పిల్లలతో కలిసి ఒకసారి పగటిపూట నడిచి చూడండి, నడవలేని పెద్దలను ఎవరు ఎత్తుకోవాలో కూడా ఆ రోజే అనుకోండి.